ఒక్క గాటు ఆపరేషను ఎవరికి తగును?

ఈ వారం మన శీర్షికకు పల్నాడు నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి నరసరావుపేట నుంచి, రెండవది మాచర్ల నుంచి, మూడవది గురజాల నుంచి. రాసినవారు ఒకరినొకరు ఎరగరు. అయినా ముగ్గురూ ఒకే ప్రశ్న అడిగారు. "పిత్తాశయంలో రాళ్లున్నాయి, ఆపరేషను చేయించుకోమన్నారు. బొడ్డు దగ్గర ఒక్క గాటు పెట్టి తీసేసే పద్ధతి ఉందట. మాకు అది పనికొస్తుందా?"

ప్రశ్న ఒకటే అయినా ముగ్గురికీ ఒకే జవాబు చెప్పడానికి వీల్లేదు. ఎందుకో ఈ వారం వివరంగా చెప్పుకుందాం. పేర్లు ప్రచురించవద్దని ముగ్గురూ కోరారు కనుక ఊళ్ల పేర్లతోనే సరిపెడుతున్నాను.

నరసరావుపేట నుంచి రాసినది ఒక తల్లి. అమ్మాయికి ఇరవై మూడేళ్లు. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 54 కిలోలు. నిశ్చితార్థం అయింది, మాఘమాసంలో పెళ్లి. గత ఆరు నెలల్లో రెండుసార్లు రాత్రిపూట డొక్కల కింద కుడివైపు నొప్పి వచ్చి, రెండు మూడు గంటలుండి తగ్గిపోయింది. స్కానింగులో పిత్తాశయం నిండా చిన్న చిన్న రాళ్లు కనిపించాయి. గోడ పలచగానే ఉంది. "పెళ్లివారికి తెలియకూడదు డాక్టరు గారూ, పొట్టమీద మచ్చ కనపడకూడదు" అని ఆ తల్లి రాశారు.

మాచర్ల నుంచి రాసినది ఒక వ్యాపారస్థుడు. భార్యకు నలభై ఆరేళ్లు. బరువు 82 కిలోలు, ఎత్తు 155 సెంటీమీటర్లు. ఎనిమిదేళ్లుగా చక్కెర వ్యాధి ఉంది. పది రోజుల క్రితం విపరీతమైన నొప్పి, జ్వరం, వాంతులతో హాస్పిటల్లో చేర్చి నాలుగు రోజులు సెలైన్లు, ఇంజక్షన్లు ఇచ్చారు. అక్కడి సర్జను నాలుగు రంధ్రాల పద్ధతిలో చేస్తానని, లోపల పరిస్థితి బాగుండకపోతే పొట్ట కోయవలసి రావచ్చునని చెప్పారట. "ఆయన పాతకాలం మనిషేమోనని మా అనుమానం. ఖర్చుకు వెనుకాడం. ఒక్క గాటుతో చేసే చోటు చెప్పండి" అని ఈయన అడిగారు.

గురజాల నుంచి రాసినది అరవై ఏడేళ్ల రిటైర్డు మాష్టారు. నెల క్రితం కళ్లు పచ్చబడి, మూత్రం టీ డికాక్షను రంగులో వచ్చి, ఒళ్లంతా దురద పెట్టింది. పసరు మందు వేయించుకున్నారు. కామెర్లు తగ్గాయి. స్కానింగులో పిత్తాశయంలో రాళ్లు, పిత్తనాళం వెడల్పు 9 మిల్లీమీటర్లు అని రాశారు. గుండెకు స్టెంటు వేయించుకున్నందువల్ల రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్రలు వాడుతున్నారు.

ముందు అసలు సంగతి

పిత్తాశయం అనేది కాలేయం కింద అంటుకుని ఉండే చిన్న సంచి. చిన్న వంకాయంత ఉంటుంది. కాలేయం రోజూ ముప్పావు లీటరుకు అటూ ఇటూగా పైత్యరసం తయారు చేస్తుంది. అందులో కొంత ఈ సంచిలో చేరి చిక్కబడుతుంది. మనం నెయ్యి, నూనె ఉన్న పదార్థం తిన్నప్పుడు సంచి ముడుచుకుని ఆ రసాన్ని పేగులోకి వదులుతుంది. అందుకే గారెలో, బిరియానీయో తిన్న రాత్రి నొప్పి వస్తుంది. ముడుచుకునే సంచి మూతి దగ్గర రాయి అడ్డుపడితే ఆ నొప్పి కుడి డొక్క కింద మొదలై, వీపులోకి, కుడి భుజం రెక్కలోకి పాకుతుంది. చాలామంది దీన్ని గ్యాసు అనుకుని సోడా తాగి ఊరుకుంటారు.

పల్నాడు వారికి ఒక అపోహ ఉంది. పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి సున్నపురాయి చూసి, ఈ నీళ్లు తాగబట్టే కడుపులో రాళ్లు పడుతున్నాయి అంటారు. పిత్తాశయంలోని రాళ్లు తాగే నీటిలోని సున్నంతో తయారయ్యేవి కావు. పైత్యరసంలో ఉండే కొలెస్టరాలు, రంగు పదార్థాలు పేరుకుని అవుతాయి. మగవారికంటే ఆడవారికి ఎక్కువ. కాన్పులు, స్థూలకాయం, చక్కెర వ్యాధి, ఇంట్లో మరొకరికి ఉండటం, ఉపవాసాలతో హఠాత్తుగా బరువు తగ్గించుకోవడం, ఇవీ కారణాలు. మిరపకాయల మీద కూడా నింద వేయనక్కరలేదు.

ఇంకొక పొరపాటు. మూత్రపిండాల రాళ్లకు చెప్పే కొండపిండి కషాయం దీనికీ పనిచేస్తుందనుకోవడం. మూత్రపిండం వేరు, పిత్తాశయం వేరు. మూత్రపిండంలో చిన్న రాయి మూత్రంతో బయటికి పోతుంది. పిత్తాశయంలో రాయి కదిలితే పిత్తనాళంలో ఇరుక్కుని కామెర్లు తెస్తుంది, లేదా క్లోమం వాచేటట్లు చేస్తుంది. రాళ్లు కరిగించే మాత్రలు ఉన్న మాట నిజమే. అవి చిన్నపాటి కొలెస్టరాలు రాళ్ల మీదనే, అదీ నెలల తరబడి వాడితేనే, కొంతవరకు పనిచేస్తాయి. మానేశాక చాలామందికి రాళ్లు మళ్లీ పడతాయి.

అయితే రాళ్లు ఉన్న ప్రతివారికీ ఆపరేషను అక్కరలేదు. మరెందుకో స్కానింగు చేయించుకుంటే రాళ్లు బయటపడినవారిలో ఎక్కువమందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. బాధ లేని రాళ్లను సాధారణంగా కదపరు. నొప్పి ఒకటి రెండుసార్లు వచ్చినవారికి, కామెర్లు, క్లోమం వాపు వచ్చినవారికి పిత్తాశయాన్ని తీసివేయడమే సరైన వైద్యం. రాళ్లు మాత్రం తీసి సంచిని ఉంచితే మళ్లీ పడతాయి. సంచి లేకపోయినా కాలేయం నుంచి పైత్యరసం నేరుగా పేగులోకి దిగుతుంది కనుక జీర్ణానికి పెద్ద లోటు ఉండదు.

పెద్ద కోత నుంచి చిన్న గాటు దాకా

పిత్తాశయాన్ని మొట్టమొదట తీసివేసినది 1882లో బెర్లిను నగరంలో కార్ల్ లాంగెన్‌బుహ్ అనే సర్జను. ఆ తరువాత నూరేళ్లపాటు ఈ ఆపరేషను అంటే డొక్క కింద జానెడు కోత. 1985లో జర్మనీలోనే ఎరిక్ ముహె అనే సర్జను పొట్టలోకి గొట్టం పంపి, కోత లేకుండా పిత్తాశయాన్ని తీశారు. మన దేశంలో 1990లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. ఇప్పుడు ఇదే మామూలు పద్ధతి. బొడ్డు దగ్గర ఒకటి, రొమ్ముఎముక కింద ఒకటి, కుడి డొక్క కింద రెండు, మొత్తం నాలుగు చిన్న రంధ్రాలు. పెద్దవి సెంటీమీటరు, చిన్నవి అర సెంటీమీటరు ఉంటాయి. పొట్టలోకి బొగ్గుపులుసు వాయువు పంపి ఉబ్బించి, ఒక రంధ్రంలోంచి కెమెరా, మిగతా వాటిలోంచి పనిముట్లు పంపి, తెరమీద చూస్తూ చేస్తారు.

ఈ నాలుగింటినీ ఒకటి చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన 1997లో ఇటలీలో నవర్రా అనే సర్జను ఆచరణలో పెట్టి చూపించారు. బొడ్డులోనే రెండు, రెండున్నర సెంటీమీటర్ల గాటు పెట్టి, కెమెరా, పనిముట్లు అన్నీ అక్కడినుంచే పంపుతారు. గాయం మానాక బొడ్డు ముడతల్లో కలిసిపోతుంది. ఇదే మీరడిగిన ఒక్క గాటు ఆపరేషను.

మచ్చ లేని ఆపరేషను చరిత్రలో మన తెలుగు డాక్టర్లకు చోటుంది. 2004 ప్రాంతంలో హైదరాబాదులో డాక్టర్ జి.వి. రావు, డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి నోటి గుండా గొట్టం పంపి, జీర్ణాశయం గోడలోంచి లోపలికి వెళ్లి అపెండిక్సు తీశారు. పొట్టమీద ఒక్క గాటు కూడా లేదు. ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. వారు ఎంచుకున్న మొదటి రోగి సంగతి గమనించండి. అతనికి పొట్టమీద చర్మం ఘోరంగా కాలి ఉంది. అక్కడ కోత పెట్టడం మంచిది కాదు. అతని అవసరాన్ని బట్టే ఆ పద్ధతి వచ్చింది. కొత్త పద్ధతి ఏదైనా ఇలాగే చూడాలి. పద్ధతిని ముందు నిర్ణయించుకుని తరువాత దానికి రోగిని సరిపెట్టకూడదు.

ఒక్క గాటులో చిక్కేమిటి?

సన్నమూతి జాడీలోంచి రెండు గరిటెలు ఒకేసారి పెట్టి అడుగున ఉన్న ఆవకాయ ముక్క తీయడం మీరెప్పుడైనా ప్రయత్నించారా? గరిటెలు ఒకదానికొకటి తగులుకుంటాయి. చెయ్యి కుడికి తిప్పితే గరిటె ఎడమకు పోతుంది. ఒక్క గాటు ఆపరేషనులో సర్జను పరిస్థితి ఇంచుమించు ఇదే. పనిముట్లన్నీ ఒకే ద్వారంలోంచి పక్కపక్కన వెళతాయి. నాలుగు రంధ్రాల పద్ధతిలో ఒక చెయ్యి పిత్తాశయాన్ని పైకెత్తి పట్టుకుంటే, ఇంకొకటి పక్కకు లాగి దారి చేస్తుంది. ఇక్కడ ఆ వెసులుబాటు తక్కువ.

దారి స్పష్టంగా కనిపించడం ఎందుకంత ముఖ్యం? పిత్తాశయం మెడ దగ్గర సన్నని నాళం ఒకటి ఉంటుంది. దాన్ని కత్తిరించాలి. దాని పక్కనే కాలేయం నుంచి వచ్చే ప్రధాన పిత్తనాళం ఉంటుంది. దాన్ని ముట్టుకోకూడదు. వాపు ఉన్నప్పుడు ఈ రెండూ అతుక్కుపోయి ఒకటేలా కనిపిస్తాయి. పొరపాటున ప్రధాన నాళం తెగితే పైత్యరసం పొట్టలోకి కారుతుంది, కామెర్లు వస్తాయి. దాన్ని సరిచేయడానికి పెద్ద హాస్పిటల్లో ఇంకా పెద్ద ఆపరేషను కావాలి. మనిషి నెలల తరబడి కోలుకోడు. అందుకనే, పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండు, ఒక నాళం, ఒక రక్తనాళం, అని కళ్లతో స్పష్టంగా చూసేవరకూ ఏదీ కత్తిరించకూడదు. ఈ నియమాన్ని అమెరికా సర్జను స్ట్రాస్‌బర్గ్ 1995లో గట్టిగా ప్రతిపాదించారు. నాలుగు రంధ్రాలైనా, ఒక్క గాటైనా ఈ నియమం ఒకటే.

లెక్కలు కూడా చెబుతాను. 2012లో 2626 మంది ఒక్క గాటు రోగుల ఫలితాలను ఒకచోట కూర్చి చూస్తే, పిత్తనాళానికి దెబ్బ నూటికి 0.72 మందికి తగిలింది. అంటే వెయ్యికి ఏడుగురు. మామూలు పద్ధతిలో వెయ్యికి నలుగురైదుగురు. 2013లో ప్రకటించిన మరొక పరిశీలనలో రెండు పద్ధతులనూ చీట్లు వేసినట్లు పంచి, ఏడాది తరువాత చూశారు. గాటు పెట్టిన చోట పొట్ట గోడ విడిపోయి హెర్నియా వచ్చినది ఒక్క గాటు వారిలో నూటికి 8.4 మందికి, మామూలు వారిలో నూటికి 1.2 మందికి. బొడ్డు దగ్గర గాటు పెద్దది కావడమే దీనికి ముఖ్య కారణం.

మరి లాభం? మచ్చ కనపడదు. మచ్చ విషయంలో ఒక్క గాటు చేయించుకున్నవారే ఎక్కువ సంతృప్తి చెందారు. నొప్పి బాగా తగ్గుతుందని గాని, ఇంటికి త్వరగా పంపుతారని గాని ఆశపడకండి. ఆ విషయాల్లో పెద్ద తేడా లేదు. ఆపరేషనుకు పట్టే సమయం ఎక్కువ. కనుక ఇది అందం కోసం చేసుకునే ఎంపిక. అందం కోరుకోవడం తప్పు కాదు. దానికి చెల్లించే మూల్యం తెలిసి కోరుకోవాలి.

ఎవరికి తగును?

ఈ పద్ధతికి సర్జన్లు ఎంచుకునే రోగి ఇలా ఉంటారు.

నొప్పి వచ్చి తగ్గిపోయి, ఇప్పుడు జ్వరం గాని వాపు గాని లేనివారు. స్కానింగులో పిత్తాశయం గోడ పలచగా ఉండి, పిత్తనాళం వెడల్పు మామూలుగా ఉన్నవారు. కాలేయానికి సంబంధించిన రక్తపరీక్షలు సరిగా ఉన్నవారు. సన్నగా, లేదా మధ్యస్థంగా ఉన్నవారు. పొట్ట పైభాగంలో ఇదివరకు ఆపరేషను కానివారు. గుండె, ఊపిరితిత్తులు బాగుండి, కొంచెం ఎక్కువసేపు మత్తుమందు తట్టుకోగలవారు.

బరువు సంగతి ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. బరువు కిలోలలో రాసి, దాన్ని మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగించండి. ముప్పై దాటితే చాలామంది సర్జన్లు సందేహిస్తారు. ముప్పై అయిదు దాటితే దాదాపు అందరూ వద్దంటారు. పొట్టలో కొవ్వు ఎక్కువ ఉంటే దారి కనపడదు, బొడ్డు దగ్గర కుట్టు కూడా గట్టిగా నిలవదు. బాగా పొడుగైనవారిలో బొడ్డుకూ పిత్తాశయానికీ దూరం ఎక్కువై పనిముట్లు అందక ఇబ్బంది పడవలసి వస్తుంది.

ఎవరికి తగదు?

పిత్తాశయం వాచి జ్వరం ఉన్నవారికి, లేదా ఇటీవల అలా వచ్చి తగ్గినవారికి. గోడ మందంగా ఉన్నా, సంచి ముడుచుకుపోయినా. కామెర్లు వచ్చినా, పిత్తనాళంలో రాయి ఉన్నదన్న అనుమానం ఉన్నా. క్లోమం వాపు తగ్గనివారికి. కాలేయం గట్టిపడిన వ్యాధి ఉన్నవారికి. రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నవారికి. బొడ్డు దగ్గర పెద్ద హెర్నియా ఉన్నవారికి, అక్కడ ఇదివరకు కుట్లు పడినవారికి. గర్భిణులకు. పిత్తాశయంలో క్యాన్సరు అనుమానం ఏ కొంచెమున్నా, ఉదాహరణకు సెంటీమీటరు దాటిన పులిపిరి వంటి కండ కనిపించినా, ఈ పద్ధతి మాట ఎత్తకూడదు.

మన ఆడవారిలో చాలామందికి కుటుంబ నియంత్రణ ఆపరేషను అయి ఉంటుంది. ఆ గాటు బొడ్డు కింద ఉంటుంది. సిజేరియను గాటు ఇంకా కింద ఉంటుంది. ఇవి ఉన్నంత మాత్రాన ఒక్క గాటు పద్ధతికి పనికిరారని కాదు. బొడ్డుకు దగ్గరగా ఉంటే లోపల పేగు అతుక్కుని ఉండవచ్చు. ఇరవై ఏళ్ల కిందటి సంగతి కదా అని ఊరుకోకుండా సర్జనుకు చెప్పండి.

నరసరావుపేట తల్లికి

అమ్మా, మీ అమ్మాయి లెక్క వేస్తే 21.6 వస్తుంది. జ్వరం లేదు, గోడ పలచన, వయసు చిన్నది. కాలేయ పరీక్షలు, పిత్తనాళం వెడల్పు కూడా మామూలుగా ఉంటే, ఒక్క గాటు పద్ధతికి చక్కగా తగిన రోగి. ఈ పద్ధతిలో బాగా చేయి తిరిగిన సర్జను దొరికితే నాకు అభ్యంతరం లేదు.

ఆపరేషను వాయిదా మాత్రం వేయకండి. చిన్న రాళ్లే కదా అనుకోవద్దు. చిన్నవే జారి నాళంలో పడతాయి. పెళ్లిపందిట్లో నొప్పి వస్తే అప్పుడు పద్ధతి ఎంచుకునే తీరిక ఉండదు. పెళ్లికి కనీసం ఆరు వారాల వ్యవధి ఉండేటట్లు చూసుకోండి. ఆ వ్యవధి లేకపోతే పెళ్లి తేదీ గురించి పెద్దలు మాట్లాడుకోవచ్చు. నొప్పితో పిల్లను పీటల మీద కూర్చోబెట్టడం కంటే అది నయం.

ఇంక దాచడం సంగతి. పిత్తాశయంలో రాళ్లు సిగ్గుపడవలసిన జబ్బు కాదు. దీనివల్ల పిల్లలు పుట్టకపోవడం, కాపురానికి ఇబ్బంది రావడం ఉండదు. రేపు ఆ ఇంట్లో ఆమెకు ఏ కడుపునొప్పి వచ్చినా డాక్టరు ముందుగా అడిగేది ఇదివరకు ఏ ఆపరేషను అయిందని. అప్పుడు నోరు మూసుకుని కూర్చోవలసిన పరిస్థితి పిల్లకు తెచ్చిపెట్టకండి. మీ ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. మీరేమనుకుంటున్నారో, పెళ్లివారేమనుకుంటారో, చుట్టాలేమంటారో అన్నీ ఉన్నాయి. అమ్మాయి ఏమనుకుంటున్నదో ఒక్క వాక్యం లేదు. శరీరం ఆమెది. నూటికి ఎనిమిది మందికి హెర్నియా వచ్చిందన్న లెక్క ఆమెకూ చెప్పి, ఒక్క గాటా, నాలుగు చుక్కలా అని ఆమెనే అడగండి. ఆ నాలుగు చుక్కలు కూడా ఏడాది తిరిగేసరికి చాలావరకు మాసిపోతాయి.

మాచర్ల సోదరునికి

మీ శ్రీమతి లెక్క 34 పైన వచ్చింది. చక్కెర వ్యాధి ఉంది. పది రోజుల క్రితమే పిత్తాశయం వాచి జ్వరం వచ్చింది. ఇప్పుడు లోపల అంతా అతుక్కుని, ముట్టుకుంటే రక్తం చిమ్మే స్థితిలో ఉండి ఉంటుంది. ఈ పరిస్థితిలో ఒక్క గాటు పద్ధతి ఆమెకు తగదు. మీరు అనుమానించిన సర్జను మీకు అక్షరాలా సరైన మాట చెప్పారు. నాలుగు రంధ్రాలతో మొదలుపెట్టి, దారి కనపడకపోతే పొట్ట కోస్తానని ముందుగా చెప్పే డాక్టరు పాతకాలం మనిషి కాడు, జాగ్రత్త తెలిసిన మనిషి. పొట్ట కోయడాన్ని ఓటమి అనుకోవద్దు. చీకట్లో కత్తెర వేయకుండా దీపం పెద్దది చేసుకోవడం లాంటిది అది.

ఖర్చుకు వెనుకాడనన్నారు. సంతోషం. కాని ఖరీదైనది, కొత్తది అయినంత మాత్రాన మంచిది కాదు. ఊరూరా తిరుగుతూ రోజులు గడపవద్దు. వాపు వచ్చిన కొత్తలోనే, మొదటి వారం లోపల ఆపరేషను చేయడం మంచిది. అది దాటితే కొందరు సర్జన్లు వాపు తగ్గేందుకు ఆరు వారాలు ఆగి చేస్తారు. మీ ఆవిడ విషయంలో ఏది మంచిదో ఆమెను పరీక్షించినవారే చెప్పాలి. ఈ వారమే వెళ్లి అడగండి. ఆగమంటే, ఆ రోజుల్లో చక్కెరను అదుపులో పెట్టండి. నూనె పదార్థాలు తగ్గించండి. మళ్లీ జ్వరం, వణుకు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే రాత్రి అయినా సరే బండి కట్టించుకుని వెళ్లండి.

గురజాల మాష్టారికి

మాష్టారూ, మీ కామెర్లు పసరు మందు వల్ల తగ్గలేదు. పిత్తనాళంలో ఇరుక్కున్న రాయి కొంచెం కదిలి దారి ఇచ్చి ఉంటుంది. నాళం వెడల్పు 9 మిల్లీమీటర్లు అంటే మామూలు కంటే ఎక్కువ. రాయి ఇంకా అక్కడే ఉండవచ్చు. అది మళ్లీ అడ్డుపడి చీము పడితే ప్రాణం మీదికి వస్తుంది. కనుక ముందుగా కావలసినది కాలేయ రక్తపరీక్షలు, ఎం.ఆర్.సి.పి. అనే స్కానింగు. రాయి ఉంటే ఇ.ఆర్.సి.పి. అనే పద్ధతిలో నోటిగుండా గొట్టం పంపి తీస్తారు. గుంటూరు, విజయవాడ, హైదరాబాదులలో ఈ సౌకర్యం ఉంది. తరువాత పిత్తాశయాన్ని నాలుగు రంధ్రాల పద్ధతిలో తీయించుకోండి. ఒక్క గాటు మాట మీరు మరిచిపోండి.

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఆపరేషను ఉందని గుండె మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. స్టెంటు మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఏది ఎన్ని రోజులు ఆపాలో, ఏది ఆపకూడదో గుండె డాక్టరు, సర్జను, మత్తు డాక్టరు ముగ్గురూ కలిసి చెప్పాలి.

సర్జనును ఏమని అడగాలి?

డాక్టరును ప్రశ్నిస్తే కోపం వస్తుందేమోనని మనవాళ్లు భయపడతారు. ఈ అయిదూ మర్యాదగా అడగండి. మంచి డాక్టరు సంతోషంగా చెబుతారు.

ఒకటి: ఒక్క గాటు పద్ధతిలో మీరు ఇంతవరకు ఎన్ని చేశారు? రెండు: నా విషయంలో ఈ పద్ధతి ఎందుకు తగును? మూడు: మధ్యలో ఇబ్బంది వస్తే ఇంకొక రంధ్రం వేస్తారా, అవసరమైతే పొట్ట కోస్తారా? నాలుగు: పైత్యరసం కారితే ఇక్కడే చూస్తారా, ఎక్కడికి పంపుతారు? అయిదు: మామూలు పద్ధతికీ దీనికీ ఖర్చులో తేడా ఎంత?

మూడవ ప్రశ్నకు "ఏమైనా సరే ఒక్క గాటుతోనే పూర్తి చేస్తాను" అని ఎవరైనా అంటే, నమస్కారం పెట్టి లేచి వచ్చేయండి.

ఖర్చు విషయంలో తెల్లకార్డు ఉన్నవారు 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకం గురించి హాస్పిటల్లో ముందే అడగండి. ఏ ఆపరేషనుకు, ఏ హాస్పిటల్లో వర్తిస్తుందో వారు చెబుతారు.

ఇంటికి వచ్చాక

ఒకటి రెండు రోజులు భుజం నొప్పి ఉంటే భయపడవద్దు. పొట్టలోకి పంపిన వాయువు వల్ల వచ్చేది అది, అదే తగ్గుతుంది. మర్నాటి నుంచే నడవండి. ఇడ్లీ, మెత్తని అన్నం, మజ్జిగ, పప్పుకట్టు తినవచ్చు. కొన్ని వారాలు నూనె తగ్గించండి. నెలా నెలన్నర వరకు నీళ్ల బిందెలు, బియ్యం మూటలు, మిరప టిక్కీలు ఎత్తవద్దు. ఒక్క గాటు చేయించుకున్నవారు ఈ మాట మరీ గట్టిగా పాటించాలి. దగ్గినప్పుడు బొడ్డు దగ్గర ఉబ్బు కనిపిస్తే చూపించుకోండి.

నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా పెరిగినా, జ్వరం వచ్చినా, పొట్ట ఉబ్బినా, కళ్లు పచ్చబడినా, గాయంలోంచి ఆకుపచ్చని నీరు కారినా ఆలస్యం చేయకుండా ఆపరేషను చేసిన చోటికే వెళ్లండి. గ్యాసు అని సరిపెట్టుకోవద్దు. తీసిన పిత్తాశయాన్ని పరీక్షకు పంపారా, రిపోర్టు ఏమని వచ్చింది అన్నది అడిగి, ఆ కాగితం జాగ్రత్త చేయండి. రాళ్లు చూపించారు కదా, సరిపోయింది అనుకోవద్దు. సంచి గోడలో ఏముందో సూక్ష్మదర్శినిలో చూస్తేనే తెలుస్తుంది.

మూడు ఉత్తరాలకూ జవాబు అయింది. ముగ్గురిలో ఒక్కరికే ఒక్క గాటు తగింది. అదీ ఆ అమ్మాయి కావాలంటేనే. మిగతా ఇద్దరికీ ఏదో తక్కువైందని బాధపడనక్కరలేదు. నాలుగు రంధ్రాలతో క్షేమంగా ఇంటికి వచ్చి, నలుగురిలో కూర్చుని భోజనం చేయగలిగితే, పొట్టమీద చుక్కలెన్ని ఉన్నాయని ఎవరూ లెక్కపెట్టరు.